సొప్పకుప్ప దారిలో తీతువు

నా చిన్నప్పుడు మా ఇంటి మీద దీపాలు పెట్టే వేళ తీతువు కూసిందంటే, మా నాయనమ్మ చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి పొయ్యిలో పిడికెడు ఉప్పు వేసేది. ఉప్పు చిటపటలాడితే ఆ పిట్ట నోరు మూతపడుతుందని ఆమె నమ్మకం. పిట్ట నోరు మూతపడేదో లేదో గానీ, ఆ చప్పుడుకు నా గుండె మాత్రం దడదడలాడేది. తీతువు ఏ ఇంటి మీద కూస్తే ఆ ఇంట్లో ఎవరో ఒకరు పోతారని మా వైపు అందరూ అనుకునేవారు. ఇప్పటికీ అనుకునేవాళ్ళు ఉన్నారు. మొన్నామధ్య జహీరాబాద్‌లో మా పక్క వీధి ఆయన, మేడ మీద తీతువు కూసిందని మర్నాటి ప్రయాణం మానుకుని ఇంట్లో కూర్చున్నాడు. నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు. ఆ భయం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

మా ఊరు జహీరాబాద్ నుంచి ఝరాసంగం వెళ్ళే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. మా ఇల్లు ఊరికి చివరిది. ఇంటి వెనక దొడ్డి, దొడ్డి దాటితే ఎర్రటి మొరం నేల. గులకరాళ్ళే తప్ప గడ్డిపోచ మొలవని చోటు అది. మెల్లగా కిందికి వాలి ఒక చిన్న కుంటలో కలిసేది. ఆ మొరం నేలకు అవతలి చివర మా సొప్పకుప్ప ఉండేది. మొరం మీదుగా అడ్డంగా పోతే దగ్గర, అంచున ఉన్న కంచె పొంటి, అంటే కంచె వెంబడి, తిరిగి పోతే దూరం. జొన్నలు కోశాక ఎండిన దంట్లను కట్టలు కట్టి అక్కడ పేర్చేవాళ్ళు. ఇంట్లో బర్రెకు రోజూ సాయంత్రం ఒక కట్ట తెచ్చి వెయ్యాలి. ఎండలు ముదిరేకొద్దీ కుంట చిక్కిపోయి చుట్టూ బురద తేలేది. ఆ బురదలో తోకలు ఆడించుకుంటూ బుల్లి ఉల్లంకి పిట్టలు తిరిగేవి. పొడుగాటి ఎర్ర కాళ్ళ పిట్టలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ముక్కుతో పొడుచుకునేవి. తీతువులూ వాటి మధ్యనే తిరిగేవి. మిగతా పిట్టలు ఉన్నాయా పోయాయా అని ఎవరూ చూసేవాళ్ళు కాదు. తీతువు అంటేనే అందరికీ హడలు.

ఆ ఎండాకాలం మా అమ్మ కడుపుతో ఉంది. నా తర్వాత ఒక పిల్లవాడు పుట్టి పోయాడని పెద్దవాళ్ళు గుసగుసలాడుకుంటుంటే విన్నాను. అందుకని ఈసారి ఇంట్లో అందరూ అమ్మ చుట్టూ అడుగులో అడుగు వేస్తూ తిరిగేవాళ్ళు. నెలలు నిండకముందే ఆమె కాళ్ళు, ముఖం వాచాయి. ఒక పొద్దున గాబు దగ్గర నీళ్ళు ముంచుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. మా నాన్న ఎడ్లబండిలో మెత్తగా సొప్ప పరిచి, దాని మీద బొంత వేసి, అమ్మను పడుకోబెట్టి జహీరాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు. నన్ను రావద్దన్నారు. బండి చక్రాల చప్పుడు వినపడినంతసేపు నేను గడపలోనే నిలబడ్డాను.

ఆ సాయంత్రం సొప్ప తేవడానికి నాయనమ్మా నేనూ బయలుదేరాం. మొరం నేల మధ్యకు వచ్చామో లేదో, ఎక్కడి నుంచి లేచిందో తెలియదు, ఒక తీతువు మా నెత్తిన పడ్డట్టు వచ్చి కూయడం మొదలుపెట్టింది. అరుపా అది! గొంతు చించుకుంటున్నట్టు, ఊపిరి ఆడనట్టు, ఆగకుండా ఒకటే అరుపు. మా తలల మీద తిరిగింది, మేం సొప్పకట్ట ఎత్తుకుని పరుగు లాంటి నడకతో వస్తుంటే మాతోపాటే ఇంటి దాకా వచ్చింది, కప్పు మీదుగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ చీకట్లో కలిసింది. నాయనమ్మ కట్టను దొడ్లో పడేసి పొయ్యి దగ్గరికి ఉరికింది. ఆ ఆత్రంలో ఉప్పు సగం కింద పోసింది. మా తాత, అంటే నాన్న వాళ్ళ నాన్న, పోయేముందు కూడా ఇట్లాగే కూసిందట. ఆ మాట ఆమె నాతో అనలేదు. గోడవతల ఉన్న పక్కింటామెతో అన్నది. నాకు వినపడింది.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం అదే తంతు. నాయనమ్మ మండుతున్న కట్టె ఒకటి పట్టుకుని, నా చేతికి రేకు డబ్బా ఇచ్చి, పిట్టను తరమడానికి మొరం మీదికి తీసుకుపోయేది. నేను డబ్బా వాయించేదాన్ని. ఆమె కట్టె ఊపుతూ దాన్ని నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టేది. మేం ఎంత గట్టిగా తరిమితే అది అంత గట్టిగా అరిచేది. ఒకటి కాస్తా రెండయ్యేవి. అమ్మ సంగతి కనుక్కోవడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అదే మొరం మీదుగా అడ్డదారిన వచ్చేవారు. వాళ్ళు వచ్చేటప్పుడూ కూసేది, వెళ్ళేటప్పుడూ కూసేది. "మల్ల కూస్తున్నదా?" అని అడిగి, నా తల నిమిరి వెళ్ళిపోయేవారు. తల నిమరడమే నాకు అన్నిటికన్నా భయంగా ఉండేది. అన్నం సగం తిని పళ్ళెం పక్కకు నెట్టేదాన్ని. పగలు ఆడుకుంటున్నా చెవులు కుంట వైపే ఉండేవి.

దవాఖాన నుంచి సరైన కబురేదీ రాలేదు. జహీరాబాద్ పోయి వచ్చే పాలాయన ద్వారా మా నాన్న "ఇంకా ఏం తెల్వదు" అని మాత్రం చెప్పి పంపేవాడు. అట్లాంటి రోజుల్లో మా తాతయ్య వచ్చాడు. ఈయన అమ్మ వాళ్ళ నాన్న, న్యాల్‌కల్ దిక్కు పల్లెటూరు. ముందు దవాఖానకే వెళ్ళాడు. లోపలికి రానివ్వలేదట, కిటికీలోంచి కూతుర్ని చూసి, నాన్న పొమ్మంటే మా దగ్గర తోడుండడానికి వచ్చాడు. ఎంత ఎండ కాసినా భుజం మీది గొంగడి దించని మనిషి, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు పొదుపుగా మాట్లాడేవాడు. అమ్మ ఎట్లా ఉందని నేను అడిగితే, "పండుకున్నది బిడ్డా" అన్నాడు. అంతే.

ఆ సాయంత్రం తీతువు కూసింది. నాయనమ్మ ఏడుస్తూ ఆయనకు సంగతంతా చెప్పింది. ఊరికే భయపడుతున్నావని తాతయ్య అంటాడని ఆశపడ్డాను. అనలేదు. బీడీ వెలిగించబోయాడు. అగ్గిపుల్ల వెలిగించి, బీడీ సంగతి మరిచి, అది వేళ్ళ దాకా కాలేవరకు పట్టుకునే కూర్చున్నాడు. అది చూశాక నాకున్న కొసరు ధైర్యం కూడా జారిపోయింది. పెద్దవాళ్ళు భయపడరనుకునే వయసు నాది.

పుల్ల పారేసి ఆయన నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగాడు. "అది ఎవర్ని చూసి కూస్తుంది బిడ్డా?"

మన ఇంటిని చూసి అన్నాను.

"ఇల్లు పొద్దంత ఈడ్నే ఉంటది గదా. మరి పొద్దంత ఎందుకు కూస్తలేదు?"

తెలియదని తల అడ్డంగా ఊపాను. "నాకు గూడ తెల్వదు. రేపు పోయి చూద్దాం" అన్నాడు. తెలియదని ఒక పెద్దాయన నాతో అనడం అదే మొదలు.

మర్నాడు పొద్దెక్కాక ఇద్దరం మొరం నేల మీదికి వెళ్ళాం. వెళ్తుండగానే పిట్ట లేచి అరవసాగింది. నేను చెవులు మూసుకున్నాను. కుంట వైపు ఒక రేగు పొద ఉంటే, దాని పక్కన తాతయ్య నన్ను కూర్చోబెట్టి, తనూ కూర్చుని, ఇద్దరి మీదా గొంగడి కప్పాడు. కొంచెం సందు వదిలాడు. పిట్ట మాత్రం మా నెత్తి మీద తిరుగుతూ అరుస్తూనే ఉంది. అప్పుడాయన నా చెవిలో తన ఉపాయం చెప్పాడు. "పిట్టకు లెక్క రాదు. ఇద్దరం వచ్చినం. నేను ఒక్కణ్ణే లేచి పోత. అందరు పోయిన్రనుకుంటది. నువ్వు కదలకు. అది ఏం చేస్తదో చూసి నాకు చెప్పు."

నన్ను ఒక్కదాన్నే వదిలి వెళ్తాడని నేను అనుకోలేదు. ఆయన చొక్కా పట్టుకున్నాను. నా వేళ్ళు మెల్లగా విడిపించి, గొంగడి సర్ది, లేచి నిలబడి గట్టిగా దగ్గాడు. ఎవరినో అదిలిస్తున్నట్టు చేతులు ఊపుకుంటూ, కాళ్ళు ఈడ్చి చప్పుడు చేసుకుంటూ కుంట కట్ట వైపు నడిచాడు. పిట్ట ఆయన వెంటే పోయింది, ఆయన నెత్తి మీద అరుచుకుంటూ. చావు తెచ్చే పిట్ట అది, మా తాతయ్య వెంట పోతోంది. గొంగడి లోపల చెమటలు కారిపోతున్నాయి. ఉన్ని కుచ్చుకుంటోంది, గొర్రెల వాసన. కేక వేద్దామనుకుని, ఆయన మాట గుర్తొచ్చి గొంగడి అంచు కొరికి పట్టుకున్నాను.

కాసేపటికి అరుపు ఆగింది. రెక్కల చప్పుడు అయింది. పిట్ట మొరం మీద నాకు కాస్త దూరంలో వాలింది. తీతువును అంత దగ్గరగా నేను ఎన్నడూ చూడలేదు. నల్లటి తల, కంటి ముందు ఎర్రటి తోలు, మెడ పక్కన తెల్లటి చార, పసుప్పచ్చ కాళ్ళు. సున్నం వేసి కుంకుమ దిద్దినట్టు చక్కగా ఉంది. తిన్నగా ఎక్కడికీ పోలేదు. నాలుగడుగులు పరుగెత్తి ఆగింది. మరో దిక్కుకు పరుగెత్తి, అక్కడేదో ఏరుకుంటున్నట్టు నటించింది. ఇటు చూసింది, అటు చూసింది. చివరికి ఎవరూ లేరని నిమ్మళపడి, రాళ్ళ మధ్య ఒక చోట ఆగి, కడుపు ఈకలు విదిల్చి, మెల్లగా కూర్చుంది. కూర్చునే ముందు దాని కాళ్ళ దగ్గర కనపడ్డాయి గుడ్లు. గూడూ లేదు, పుల్లా లేదు. మొరం మీద చిన్న గుంట, అంతే. గుడ్లు అచ్చం రాళ్ళ రంగే, మీద నల్లటి మచ్చలు. అది కూర్చోకపోతే నాకు జన్మలో కనపడేవి కావు.

ఆ చోటు నాకు బాగా తెలుసు. అది సొప్పకుప్పకు వెళ్ళే మా దారి. ప్రతి సాయంత్రం ఆ రాళ్ళ పక్కనే నిలబడి నేను డబ్బా వాయించాను.

ఎండ పెరిగింది. పిట్ట నోరు తెరిచి వగర్చసాగింది, అయినా లేవలేదు. కుంట దగ్గర ఇంకో తీతువు నీళ్ళలోకి దిగి, కడుపు తడుపుకుని, ఈకల నుంచి నీళ్ళు కారుతుండగా వచ్చింది. మొదటిది లేచింది, తడి కడుపుతో రెండోది గుడ్ల మీద కూర్చుంది. కాలే మొరం మీద గుడ్లు ఉడికిపోకుండా అవి రెండూ నీళ్ళు మోస్తున్నాయని అప్పుడు నాకు అర్థం కాలేదు, తర్వాతెప్పుడో అర్థమైంది. అప్పుడు మాత్రం అది మా ఇంటి వైపు ఒక్కసారి కూడా చూడలేదన్నది గమనించాను. మేం ఉన్నామో పోయామో దానికి అక్కర్లేదు. మేం దూరంగా ఉంటే చాలు.

పిట్టనే చూస్తున్న నా కళ్ళు ఎప్పుడో కుంట కట్ట మీదికి పోయాయి. తాతయ్య అక్కడ ఒక రాతి మీద కూర్చున్నాడు. నేను గొంగడి కింద ఉన్నానన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు. రుమాలు తీసి ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. పొద్దున్నుంచి నాకు ఉపాయాలు చెప్పిన మనిషి అక్కడ ఒక్కడే కూర్చుని ఏడుస్తున్నాడు. నేను లేచి పరుగెత్తలేదు. చెప్పేదాకా కదలొద్దన్నాడు కదా. పిట్టా కదలలేదు, నేనూ కదలలేదు. దాని భయమూ ఆయన భయమూ ఒకటేనని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అంతలో పక్కింటామె మేకను తోలుకుంటూ కంచె పొంటి పోయింది. తీతువు తల దించుకుని నేలకు అంటుకుపోయింది గానీ కూయలేదు. కంచె దారి దానికి దూరం.

తాతయ్య వచ్చి నన్ను లేపినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చూసిందంతా చెప్పాను, ఆయన గురించి తప్ప. అంతా విని ఒక్కటే అడిగాడు. "మీ అమ్మ సొప్పకు ఎటు పోయేది?"

అమ్మ ఎప్పుడూ కంచె పొంటే చుట్టూ తిరిగి పోయేది. ఆ బరువు మనిషి అంత దూరం ఎందుకు తిరుగుతున్నదని నాయనమ్మ విసుక్కునేది. ఆ ఎండాకాలం అమ్మ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తీతువు కూయలేదు. ఆమె పోయిన సాయంత్రమే మొదలుపెట్టింది, ఎందుకంటే ఆ సాయంత్రమే మేం అడ్డదారి పట్టాం.

తాతయ్య మా ఇంటికి వచ్చాక మొదటిసారి నవ్వాడు. "మీ అమ్మ చిన్నప్పటి సంది గంతే. చీమల బారు గూడ తొక్కకపోయేది" అన్నాడు.

నాయనమ్మకు చెప్తే నమ్మలేదు. గుడ్లు పెడితే పెట్టింది, కూతకూ దానికీ ఏం సంబంధమంది. "చెల్లె, నా కోసం ఒక్క దినం కంచె పొంటి పోయి చూడు" అని తాతయ్య బతిమాలాడు. వియ్యంకుడి మాట తీసెయ్యలేక ఆ సాయంత్రం చుట్టూ తిరిగి పోయింది. ఆ పూట ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా ఎవరూ రాలేదు. తీతువు కూయలేదు. నాయనమ్మ పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు చెవి ఒగ్గి విని, "పాయె, అరిష్టం తొలిగింది. పొద్దుగాల మంచి కబురొస్తది" అంటూ ఎన్నాళ్ళకో కడుపు నిండా తిన్నది. నేనూ తిన్నాను.

మర్నాడు మధ్యాహ్నం మా నాన్న ఒక్కడే వచ్చాడు. గడప దాటకుండా అక్కడే కూలబడ్డాడు. బిడ్డ పుట్టింది, ఆడపిల్ల, పుట్టేసరికే ఊపిరి లేదు. అమ్మకు రక్తం చాలా పోయింది, ఇంకెవరైనా రక్తం ఇవ్వాలన్నారు, ఎట్లా ఉంటుందో చెప్పలేమన్నారు. తాతయ్య గొంగడి భుజాన వేసుకుని నాన్నతో బయలుదేరాడు. వాకిట్లో ఆగి నా వైపు చూశాడు. నా మనసులో ఉన్నది ఆయనకు తెలిసినట్టుంది. పిట్ట కూయలేదు కదా తాతా, మరి ఎందుకిట్లా అయింది అని అడగాలనుకున్నాను. ఆయనే అన్నాడు. "దాని ఫికర్, దాని భయం దానిది బిడ్డా. మనకు చెప్పెతందుకు దానికేం తెల్సు."

ఆ తర్వాతి రోజుల గురించి ఎక్కువ చెప్పను. కూత వింటే భయపడడం అలవాటైన మనిషికి నిశ్శబ్దం ఇంకా భయంగా ఉంటుంది. పిట్ట కూసినా నమ్మకం లేదు, కూయకపోయినా నమ్మకం లేదు. దేన్ని పట్టుకుని ధైర్యంగా ఉండాలో తెలియక నేను కంచె దగ్గర నిలబడి దూరం నుంచి ఆ పిట్టను చూసేదాన్ని. అది ఎండలో వగర్చుకుంటూ కూర్చునే ఉండేది. దానికీ ఏ భరోసా లేదు. ఒక కుక్క చాలు, ఒక బర్రె కాలు చాలు. అయినా లేచిపోలేదు. అది చూస్తూ నేనూ సాయంత్రం దాకా ఉండగలిగేదాన్ని.

అమ్మ బతికింది. ఆమెను బండిలో ఇంటికి తెచ్చిన రోజు తాతయ్య పక్కన నడుస్తూ వచ్చాడు. అమ్మ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. మంచం మీద కూర్చోబెడితే, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. నన్ను దగ్గరికి తీసుకుంది. కళ్ళలో నీళ్ళు లేవు. అదే అందరికీ భయం పుట్టించింది. ఏడిపించాలని నాయనమ్మ ఏవేవో అంది, లాభం లేకపోయింది.

దీపాల వేళకు ఆడవాళ్ళు పలకరించడానికి గుంపుగా బయలుదేరారు, అడ్డదారిన, మొరం మీదుగా. తీతువు లేచింది. అంత గట్టిగా అది ఎన్నడూ అరవలేదు. నాయనమ్మ దిగ్గున లేచింది. "ఇంక ఎవర్ని తీస్కపోతందుకు కూస్తున్నవే!" అంటూ పొయ్యిలోంచి మండే కట్టె లాగింది.

అప్పుడు అమ్మ తల ఎత్తింది. "వద్దు అత్తమ్మా. దాని గుడ్లు ఆడ్నే ఉన్నయి, వాటి మీదికెల్లి నడుస్తున్రు" అంది. నా వైపు తిరిగి, "ఉరుకు బిడ్డా. కంచె పొంటి రమ్మని చెప్పు. దాని పిల్లలన్న బతకనీ" అంది.

నేను ఉరికాను. చేతులు చాపి అడ్డంగా నిలబడి, ఇటు కాదు, అటు నుంచి రమ్మని అరిచాను. ఆడవాళ్ళు బిత్తరపోయి కంచె వైపు మళ్ళారు. వాళ్ళు వెళ్ళాక కూడా పిట్ట ఆగలేదు. నా నెత్తి మీదే తిరుగుతూ అరుస్తోంది. నేను దాని పక్షాన వచ్చానని దానికేం తెలుసు? నా కాళ్ళ వైపు చూసుకుని మెల్లగా వెనక్కి జరిగాను. ఇంకొంచెం జరిగాను. అరుపు తగ్గింది, ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఇంట్లోంచి అమ్మ ఏడుపు వినపడింది. గొంతు చించుకుని, ఊపిరి ఆడనట్టు, ఆగకుండా. గుమ్మంలోకి వచ్చి చూస్తే నాయనమ్మ కట్టె పడేసి అమ్మను ఒళ్ళోకి తీసుకుని తనూ ఏడుస్తోంది. తాతయ్య గడపలో నిలబడి, ఓదార్చబోతున్న ఆడవాళ్ళను చేత్తోనే ఆపుతున్నాడు. ఆ సాయంత్రం అమ్మను ఊరుకోమని ఎవరూ అనలేదు.

నా భయాలు పోయాయని చెప్పను. ఈ వయసులో కూడా వేళ కాని వేళ ఫోన్ మోగితే ముందుగా చెడే తోస్తుంది. కానీ ఎవరైనా నా మీద గొంతు పెంచితే, కోడలు గానీ, మనవడు గానీ, దవాఖాన వరుసలో ముక్కూమొహం తెలియని మనిషి గానీ, వీళ్ళకేం పోయేకాలమని వెంటనే అనుకోను. ముందు నేను ఎక్కడ నిలబడ్డానో చూసుకుంటాను. చాలాసార్లు అక్కడేమీ కనపడదు, రాళ్ళే కనపడతాయి. అయినా ఒక అడుగు వెనక్కి వేస్తాను.